ఖాలా తెచ్చిన మక్క బెండ్లు

నేను రాసిన ఒక రిపోర్టులోని ఒకే ఒక్క వాక్యం వల్ల ఒక మనిషి పని పోయింది. ఆ వాక్యంలో అబద్ధమేమీ లేదు. అందుకే దాన్ని వెనక్కి తీసుకోవడానికి నాకు అన్ని రోజులు పట్టింది.

మా ల్యాబు శామీర్‌పేట దాటాక పెద్ద పెద్ద మందుల కంపెనీల గేట్ల మధ్య ఒదిగి ఉన్న ఒక రేకుల షెడ్డు. వేరే కంపెనీలు అడిగిన ప్రయోగాలు చేసిపెట్టడం మా పని. పక్కవాళ్ళకు ఏసీ బస్సులూ, పచ్చటి లాన్లూ ఉన్నాయి. మాకు ఒక బోరు, ఘాటు పొగలను బయటికి లాగే రెండు ఫ్యూమ్ హుడ్లు, ఎండాకాలంలో మొరాయించే ఒక చిల్లర్ ఉన్నాయి. నేను యాప్రాల్ నుంచి స్కూటీ మీద వస్తాను. పదకొండేళ్ళుగా అదే దారి, అదే దుమ్ము. రసాయనశాస్త్రం మీద ప్రేమతో చేరుతున్నానని ఇంటర్వ్యూలో చెప్పాను. నిజానికి వచ్చిన రెండు ఉద్యోగాల్లో ఇది ఇంటికి దగ్గర.

ఆ ఏడాది మేడ్చల్ పారిశ్రామికవాడలో రెజిన్లు తయారుచేసే ఒక కంపెనీ మా దగ్గరికి వచ్చింది. వాళ్ళకు ఫర్ఫ్యూరాల్ అనే ద్రవం కావాలి. ఇనుము పోతపోసే అచ్చుల్లో ఇసుకను గట్టిపరిచే రెజిన్‌కు అది మూలం. బయట కొనడం మానేసి, పంట చెత్త నుంచి తామే చేసుకోవాలని వాళ్ళ ఆలోచన. మక్కజొన్న గింజలు ఒలిచాక మిగిలే బెండు దానికి బాగా పనికొస్తుంది. బెండులో ఒక రకం చక్కెర గొలుసులు గొలుసులుగా అల్లుకుని ఉంటుంది. నీళ్ళలో వేసి, మూత బిగించి, గట్టిగా వేడిచేస్తే ఆ గొలుసులు తెగుతాయి. విడిపోయిన చక్కెర తనలోని నీటిని పోగొట్టుకుని ఫర్ఫ్యూరాల్ అవుతుంది. బాదం పలుకు వాసన వేస్తుంది. సీసాలో నీళ్ళలా తేటగా ఉన్నది వారం తిరిగేసరికి టీ డికాక్షన్ రంగుకు వస్తుంది.

ఉత్త నీళ్ళతో ఇది సరిగా జరగదు, ఉత్ప్రేరకం కావాలి. పూర్వం నుంచీ గంధకామ్లం వాడుతున్నారు. పని అవుతుంది కానీ, తర్వాత ఆ ఆమ్లాన్ని వదిలించుకోవడానికి సున్నం కలిపి, బురద చేసి, ఆ బురదను ఎక్కడ పారబోయాలా అని తిరగాలి. దాని బదులు లోహ లవణాలు వాడవచ్చు. మేము అల్యూమినియం క్లోరైడ్ ఎంచుకున్నాం. ఉత్ప్రేరకం తాను ఖర్చు కాదు, పక్కవాళ్ళ చేత పని చేయిస్తుంది. అచ్చం మా సారు లాగా అని నేను అనేదాన్ని, ఆయన లేనప్పుడు. సారు అంటే మా డైరెక్టరు. కొంపల్లిలో గేటెడ్ విల్లాలో ఉంటాడు. మనిషి చెడ్డవాడు కాదు, కానీ ప్రతి మాటకూ ముందు క్లయింటు ఏమంటాడో ఆలోచిస్తాడు.

బెండ్లు ఎవరు తేవాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఖాలా ముందుకొచ్చింది. ఖాలా అంటే పిన్ని. ల్యాబులో అందరికీ ఆమె ఖాలాయే. శామీర్‌పేట పక్కనే ఊరు. గాజు సామాను కడగడం, ముడి సరుకు ఎండబెట్టి మరలో పొడి కొట్టడం ఆమె పని. నేను బిగించిన మూతలు ఆమె మళ్ళీ ఒకసారి బిగించేది, అది నాకు నచ్చేది కాదు. భర్త ఒకప్పుడు మేకల బేరం చేసేవాడు. షుగరు ముదిరి కళ్ళకు వచ్చింది. నెలకోసారి కంట్లో సూది వేయించాలి. ఆ సూది ఖర్చంతా కంపెనీ ఇచ్చిన ఆరోగ్య కార్డు మీదే నడిచేది. జీతం పెంచమని ఖాలా ఒక్కసారీ అడగలేదు. కార్డును మాత్రం ప్లాస్టిక్ కవరులో చుట్టి దాచుకునేది.

"నౌకరి గీ కార్డు కోసమే మేడం. మాయన కండ్లు గిండ్ల ఉన్నయి" అని నాతో చాలాసార్లు అంది.

బెండ్ల సంగతి వినగానే, "నేను తెస్త మేడం. మా తాన మస్తుంటయి" అంది.

నాలుగు రోజుల్లో యూరియా సంచి నిండా తెచ్చింది. ఎండబెట్టి, వేలి కణుపంత ముక్కలు కొట్టి మరీ తెచ్చింది. ముక్కలు కొట్టే పని తప్పినందుకు సంతోషించాను. ఎక్కడివి అంటే, "మా చేన్లయే" అంది. నోటుబుక్కులో "స్థానిక రైతు పొలం" అని రాశాను. నా నోటుబుక్కు అంటే నాకు గర్వం. తేదీ, సమయం, తూకం, ఎవరు తూచారు, అన్నీ ఉంటాయి. కొట్టివేతలు ఉండవు. కొత్తగా చేరినవాళ్ళకు సారు నా నోటుబుక్కులు చూపించేవాడు.

ఫలితాలు మేము ఊహించినదానికంటే చాలా బాగా వచ్చాయి. చదివిన పేపర్లలో ఉన్నదానికంటే బాగా వచ్చాయి. అక్కడే ఆగి అనుమానపడాల్సింది. కానీ మంచి ఫలితాన్ని ఎవరూ అనుమానించరు, చెడ్డదాన్నే అనుమానిస్తారు. నేను వేడి ఎంత, ఎంతసేపు, లవణం ఎంత అని మార్చి మార్చి చూస్తూ మూడు నెలలు హాయిగా గడిపాను. ఖాలా సంచుల మీద సంచులు తెచ్చింది. సారు క్లయింటును పిలిచి, సీసా మూత తీసి వాసన చూపించాడు. వాళ్ళు మేడ్చల్‌లో తమ పెద్ద రియాక్టరులో ఒకసారి చేసి చూద్దామన్నారు.

పెద్ద రియాక్టరుకు సంచులు చాలవు. మార్కెట్ యార్డు నుంచి లారీ బెండ్లు తెప్పించారు. నేను మూడు రోజులు మేడ్చల్‌లోనే ఉన్నాను. హెల్మెట్టు పెట్టుకుని, మెట్లెక్కి దిగి, వాళ్ళ ఆపరేటర్లకు ఎప్పుడేమి తెరవాలో చెప్పాను. మా ల్యాబులో వచ్చినదాంట్లో సగమే వచ్చింది. మిగతాదంతా నల్లటి జిగురై రియాక్టరు అడుక్కు అంటుకుంది. దాన్ని గోకడానికి వాళ్ళ మనుషులకు మరో రెండు రోజులు పట్టింది. క్లయింటు నన్ను తిట్టలేదు. సారుకు ఫోను చేశాడంతే.

తిరిగొచ్చి లారీ బెండ్లనే మా చిన్న పాత్రలో చేశాను. మళ్ళీ సగమే. ఖాలా చివరి సంచిలో మిగిలిన పొడిలోంచి గుప్పెడు తీసి చేశాను. మునుపటిలాగే బ్రహ్మాండంగా వచ్చింది. అంటే రియాక్టరుది కాదు తప్పు, లవణానిది కాదు, నాది అసలే కాదు. తేడా బెండులో ఉంది. నాకు కోపం వస్తే అరవను. ప్రశ్నలు అడుగుతాను.

"ఖాలా, మీ చేను ఏడుంది?"

"ఊరవుతల మేడం."

"సూపిస్తవా?"

ఆమె చేతిలో ఫ్లాస్కు ఉంది. దాన్ని కడిగి, బోర్లించి, చేతులు తుడుచుకుని "పాండ్రి" అంది. సారు కారులో ముగ్గురం వెళ్ళాం. ఊరు దాటాక ఒక పొడుగాటి ప్రహరీ, దానికి ఆర్చి, ఆర్చి మీద వెంచరు పేరు, రంగు జెండాలు. ఖాలా కారు ఆపమంది. గోడను చూపించి, "గీడనే ఉండె మా చేను" అంది. అమ్మి ఎనిమిదేళ్ళయిందట. సారు కిటికీ అద్దం ఎత్తేశాడు.

"మరి బెండ్లు ఏడికెల్లి తెచ్చినవ్?" అన్నాను.

"ఏడియైతే ఏంది మేడం, బెండ్లు బెండ్లే గదా" అంది నేల చూస్తూ. రెండోసారి అడిగినా అదే మాట.

ఆ సాయంత్రం రిపోర్టులో రాశాను: "ముడి సరుకు ఎక్కడిదన్న విషయంలో సేకరణ సిబ్బంది తప్పుడు సమాచారం ఇచ్చారు. కనుక తొలి ఫలితాలను పరిగణించలేం." రెండో వాక్యం శాస్త్రం. మొదటిది నా కోపం. అది శాస్త్రం వేషం వేసుకుంది కాబట్టి నేనే గుర్తుపట్టలేదు. క్లయింటుకు ఒక సమాధానం దొరికింది, సారుకు చేయాల్సిన పని దొరికింది. ఖాలాను వారం రోజుల్లో తీసేశారు. ఆమె ఒకే ఒక ప్రశ్న అడిగింది. "కార్డు గూడ ఇయ్యాల్నా?" ఆఫీసు గుమస్తా ఇవ్వాలన్నాడు. ప్లాస్టిక్ కవరు విప్పి కార్డు ఇచ్చింది, కవరు తను ఉంచుకుంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. అబద్ధం చెప్పినవాళ్ళను ల్యాబులో ఉంచుకోలేం కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట ఆ రోజుల్లో చాలాసార్లు చెప్పుకున్నాను.

మిగిలిన పొడిని అసలు పరీక్షకు పంపలేదు. కాల్చి బూడిద చూసినా తెలిసిపోయేది. నమ్మకం పోయిన సరుకును ఎందుకు పరీక్షించాలి అనుకుని డ్రమ్ములో పారేశాను.

నెలన్నర తర్వాత ఒక ఆదివారం చర్చి అయ్యాక మా చెల్లెలి కుటుంబంతో శామీర్‌పేట చెరువు దగ్గరికి వెళ్ళాం. రోడ్డు పక్కన వరసగా బండ్లు. ఒకచోట కాల్చిన కంకులు, ఒకచోట ఉడకబెట్టినవి. పెద్ద అల్యూమినియం గిన్నెలో, ఉప్పునీళ్ళలో, పొట్టు తీయని కంకులు కుతకుత ఉడుకుతున్నాయి. ఒకటి కొనుక్కుని తిన్నాను. గింజలన్నీ అయిపోయాక, చిన్నప్పటి నుంచీ అందరం చేసే పనే చేశాను. బెండును నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాను. ఉడికినప్పుడు బెండు తాగిన ఉప్పునీళ్ళు నోట్లోకి వచ్చాయి.

పీల్చిన బెండును ఎక్కడ వేయాలా అని చూస్తే బండి కింద గోనె సంచి ఉంది. నిండిపోయి పక్కన కుప్పగా పడి ఉన్నాయి.

"ఇవన్నీ ఏం జేస్తవ్?" అని బండామెను అడిగాను.

"ఒక ఖాలా వస్తుండె, సంచులకు నింపుకొని తీస్కపోతుండె. ఇప్పుడు వస్తలేదు. మున్సిపాలిటోల్లు నన్ను తిడ్తున్నరు" అంది.

చెల్లెలు ఏదో అడుగుతోంది. నాకు వినపడలేదు. ఉప్పు. సోడియం క్లోరైడ్. మా పాత్రలో నీళ్ళ మీద ఒక ద్రావకం పొర ఉంటుంది. నీళ్ళలో ఉప్పు ఉంటే, పుట్టిన ఫర్ఫ్యూరాల్ నీళ్ళలో నిలవలేక పై పొరలోకి వెళ్ళిపోతుంది. పైకి వెళ్ళింది బతుకుతుంది, కింద ఉండిపోయింది కాలి నల్ల జిగురవుతుంది. పైగా క్లోరైడు ఎక్కువైతే చక్కెర నీటిని వదిలే పని కూడా చురుకవుతుంది. ఇదేదో కొత్త సంగతి కాదు. డిగ్రీ పిల్లలు కూడా చెప్పగలరు. పదకొండేళ్ళ అనుభవం ఉన్న నేను మూడు నెలలపాటు ఉప్పు బెండ్లు ఉడకబెడుతూ గొప్పతనమంతా అల్యూమినియానికీ నాకూ రాసుకున్నాను. సిగ్గేసింది. చెరువు గట్టున, అంతమందిలో, చేతిలో బెండుతో నిలబడి నిజంగా సిగ్గుపడ్డాను.

సోమవారం లారీ బెండ్ల పొడిలో మామూలు ఉప్పు కలిపి చేశాను. మంగళవారం మళ్ళీ చేశాను. బుధవారం ఉప్పు లేకుండా ఒకటి, ఉప్పుతో ఒకటి పక్కపక్కన చేశాను. సందేహమేమీ మిగల్లేదు. ఉప్పు కలిపినప్పుడల్లా పాత ఫలితం తిరిగొచ్చింది.

ఆ ఫలితాలు చూసి సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఉప్పు కంటే చవకైన సరుకు ఏముంటుంది అన్నాడు. వాళ్ళ రియాక్టరుకు లోపల గాజు పూత ఉంది కాబట్టి ఉప్పు లోహాన్ని తినేస్తుందన్న భయం కూడా లేదు. వెంటనే కొత్త రిపోర్టు రాయమన్నాడు.

"ఖాలా సంగతి?" అన్నాను.

"ఆమె అబద్ధం చెప్పింది కదమ్మా. నువ్వే రాశావు" అన్నాడు. వెటకారం లేదు, నిజంగానే గుర్తుచేశాడు.

ఆయనతో వాదించడానికి ముందు నాకు ఒక సంగతి తెలియాలి. శనివారం ఖాలా ఇంటికి వెళ్ళాను. మసీదు వెనక సందులో రెండు గదుల ఇల్లు. భర్త మంచం మీద కూర్చుని రేడియో వింటున్నాడు. నా గొంతు వచ్చిన వైపు కాక కొంచెం పక్కకు చూసి సలాం చెప్పాడు. ఖాలా కుర్చీ తుడిచి వేసింది.

చెరువు కాడి బండి దగ్గరికి పోయానని చెప్పాను. ఆమె ముఖం చిన్నబోయింది. దొరికిపోయాననుకుంది. ఉప్పు సంగతి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆ బెండ్ల వల్లే అది పనిచేసిందని, ఆమె తప్పేమీ లేదని రెండు మూడు రకాలుగా చెప్పాను.

"మరి గప్పుడే ఎందుకు చెప్పలే ఖాలా? అన్నిసార్లు అడిగితిని."

"ఎట్ల జెప్పాలె మేడం? అన్ని ఎంగిలియి. ఎవరెవరో తిని పారేసినయి. పండ్ల గాట్లు కనవడొద్దని కత్తితోని ముక్కలు గొట్టిన. నీళ్ళల్ల పైపైన జాడిచ్చిన గూడ. ఎంగిలియని చెప్తే నువ్వు ముట్టుకుంటవా?"

"ముట్టుకోకేమి? ల్యాబుల అవన్ని ఎవరు సూస్తరు?"

ఖాలా నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు. "ఆరేండ్లసంది నా చేతి చాయ్ ఒక్కపారి తాగలే మేడం నువ్వు. అందరు తాగుతుండె. నాకు తెల్వదా?"

నాకు ఎసిడిటీ అనీ, చాయ్ పడదనీ చెప్పబోయాను. అది నిజమే. కానీ సారు క్యాబిన్లో క్లయింటులు వచ్చినప్పుడు బయటి నుంచి తెప్పించిన చాయ్ తాగేదాన్ని, అదీ నిజమే. ఆ కప్పులు ఖాలా కడగడం వేరు, ఆమె కాచి నా చేతికివ్వడం వేరు అని నేనెప్పుడూ మాటల్లో పెట్టి అనుకోలేదు. అనుకోకుండానే ఆరేళ్ళు అలా నడిచింది. ఆమె చెప్పిన అబద్ధం నా కోసం చెప్పింది. నేను ఎలాంటిదాన్నో చూసి, దానికి తగ్గట్టు చెప్పింది.

సోమవారం రిపోర్టు తిరిగి రాశాను. ఆ వాక్యం తీసేసి, దాని స్థానంలో "ముడి సరుకు ఎక్కడిదో ప్రయోగం నడిపిన శాస్త్రవేత్త స్వయంగా విచారించలేదు, ఉప్పునీటిలో ఉడికిన బెండ్లని గుర్తించలేదు" అని పెట్టి, కింద సంతకం చేశాను. సారు చదివి కళ్ళజోడు తీశాడు.

"ఇది పంపితే మన పరువేం కాను?"

"పంపకపోతే ఉప్పు సంగతి ఎలా తెలిసిందని వాళ్ళు అడుగుతారు సార్. ఏం చెప్తారు?"

ఆయన రెండు రోజులు ఆలోచించాడు. నేను రెండు రోజులూ ఆయన క్యాబిన్ ముందు నుంచి అవసరం లేకపోయినా నడిచాను. మూడో రోజు పంపాడు. క్లయింటుకు పరువు సంగతి పట్టలేదు, ఉప్పు ఎంత వేయాలో మాత్రం అడిగాడు. ఖాలాను తిరిగి తీసుకోవడానికి సారు ఒప్పుకున్నాడు. కానీ ఆఫీసు కాగితాలు, కొత్త నంబరు, కార్డు మళ్ళీ మొదలవడం, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి నడిచాయి. ఆమె పని మానిన రోజు నుంచి కార్డు తిరిగి చేతికొచ్చే రోజు దాకా మూడు నెలలు దాటింది. నేను ఆఫీసు గుమస్తా వెంటపడ్డాను. నా డబ్బుతో సూది వేయిద్దామని ఖాలా ఇంటికి మళ్ళీ వెళ్ళాను కూడా. ఆమె వద్దంది. "కార్డు వస్తది గద మేడం, వస్తె పోతం" అంది. నేను గట్టిగా పట్టుబట్టలేదు.

ఆమె తిరిగొచ్చిన రోజు నేను తొందరగా వెళ్ళాను. అప్పటికే సింకు ముందు నిలబడి ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు కడిగిన ఫ్లాస్కులన్నీ మళ్ళీ కడుగుతోంది. తూము దగ్గర యూరియా సంచి ఉంది.

"గివి చెరువు కాడియే మేడం. ఎంగిలియి. రాస్కో" అంది వెనక్కి తిరగకుండా. రాసుకున్నాను.

"కార్డు నడుస్తుందా ఖాలా?"

"నడుస్తాంది. మొన్న దవాఖానకు పోయినం."

"సూది ఏసిన్రా?"

"కుడి కంటికి ఏసిన్రు. ఎడమ దానికి ఇగ అవసరం లేదన్నరు."

"నయమైందా?" అన్నాను. అన్న తర్వాత గానీ నాకు అర్థం కాలేదు.

ఖాలా కుళాయి కట్టేసింది. "లేదు మేడం. మూడు నెల్లు సూది లేకపాయె. గా సూపు ఇగ రాదన్నరు" అని, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, సంచి ఎత్తుకుని పొడి కొట్టే గదిలోకి వెళ్ళింది. కాసేపటికి మర మోత మొదలైంది. నేను నోటుబుక్కు తెరిచి బెండ్ల తూకం రాయడానికి కూర్చున్నాను. తేదీ వేశాను.